మాండోలా పాసయింది

కొన్న వస్తువును పది రోజుల్లోగా తిప్పి పంపే హక్కు సాధించడంతో మానవజాతి చరిత్ర ఒక కొలిక్కి వచ్చింది. ఎమ్మిగనూరులో ఆ హక్కును సంపూర్ణంగా వినియోగించుకున్నవారు శంకరప్ప ఒక్కరే.

ఆయన చేనేత సంఘంలో ముప్పై ఏళ్లు చీరలు తనిఖీ చేసి రిటైరయ్యారు. (తనిఖీ మాత్రం రిటైరవలేదు.) మగ్గం నేసే కోడలు ఉమారాణికి మాండోలా నేర్చుకోవాలని ఆశ. అది మాండోలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు బొంగురు. పెళ్లికి ముందునుంచీ దాచుకున్న ఆశ కావడంతో చెప్పడానికి సిగ్గుపడింది. ఆదోనిలో సంగీతం నేర్పే యేసురత్నం మాస్టారు, నెలాఖరులోగా వాద్యంతో వస్తేనే చేర్చుకుంటానన్నారు. షాపింగ్ యాప్‌లో చవకలో రెండు తెప్పించింది, ఒకటి ప్లైవుడ్‌ది, ఒకటి గట్టి చెక్కది. ఏదో ఒకటి ఉంచుకోవాలి.

శంకరప్ప పోగులు లెక్కపెట్టే భూతద్దం తీశారు.

"తీగలు ఎనిమిదున్నాయి గానీ, రెండేసి ఒకేసోట పడినాయమ్మా. జంట పోగు. ఇట్లా సీర తెస్తే సంఘంలో ఎనక్కి ఇసిరేస్తాంటిమి."

"అది అట్లే ఉంటాది మామా. రెండూ కలిసి మోగల్ల."

"నేసినోళ్లంతా అట్లే సెప్తారు."

రెండూ ఫెయిలయ్యాయి. యాప్‌లో లోపం రాసే గడిలో 'నాలుగు చోట్ల జంట పోగులు' అని నింపారు. కంపెనీ చింతించింది. (అందుకు ప్రత్యేక విభాగం ఉంది.) మారుగా వచ్చినవాటికీ అదే జబ్బు, అవీ వెనక్కి పోయాయి. ఉమారాణికి ఏడుపొచ్చింది. మగ్గం మీద కూర్చుని పడుగు పోగులనే వేలితో మీటుకుంది.

కంపెనీ నుంచి లోపాల నివారణ ఉపాధికారిణి శోభ ఫోన్ చేశారు. "సార్, ఈసారి మీ ఫిర్యాదుకు అవకాశమే ఉండదు."

ఉండలేదు. మాస్టారు పెట్టిన గడువు రోజున వచ్చిన మాండోలాకు తీగలే లేవు. శంకరప్ప రెండుసార్లు వెతికినా ఒక్క జంట పోగూ దొరకలేదు. వెనకవైపు నీలి సిరాతో 'పాస్' ముద్ర వేశారు.

"సరుకంటే ఇట్లుండల్ల," అన్నారు. తీగలు బిగిస్తే ముద్ర చెల్లదని కూడా హెచ్చరించారు.

ఉమారాణి దాంతోనే ఆదోని పోయింది. వాద్యం తేవాలన్నారు, తెచ్చింది కాబట్టి మాస్టారు చేర్చుకున్నారు. ఏడాది చివర, ఒక్క తప్పు స్వరం కూడా పలికించని ఏకైక విద్యార్థినిగా ఆమెకు మెరిట్ సర్టిఫికెట్ ఇచ్చారు.