జడ్జిగారి నుదుటి ప్లాస్టరు

ఆ రోజు హెడ్మిస్ట్రెస్ గారికి ఉన్న పని చిన్నదే. పదకొండింటికి స్కూలు కమిటీ సెక్రటరీ వస్తాడు. సోషల్ మాస్టారి ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం మీద ఆవిడ సంతకం పెడితే పట్టుకుపోతాడు. ఆరేళ్లుగా టెంపరరీగా నలుగుతున్న మనిషి. ఈవేళ సంతకం పడకపోతే ఆ పోస్టు వేరేవాళ్లకి పోతుంది.

మాస్టారికి రెండు పడవల మీదా కాళ్లే. బడి రోజుల్లో పిల్లలకి నదులూ పంటలూ చెప్తాడు, సెలవుల్లో సీరియళ్లలో వేషాలు వేస్తాడు. ఇప్పటికి మూడుసార్లు డాక్టరు, రెండుసార్లు పోలీసు, ఒకసారి గోడ మీద దండ వేసిన ఫోటో. ప్రస్తుతం ఒక సీరియల్లో జడ్జి కాబట్టి స్కూల్లో అందరికీ జడ్జిగారే. ఆ సీరియల్ హెడ్మిస్ట్రెస్ గారు ఒక్క రోజు కూడా వదలరు. సరదాకి కాదట, మాస్టారు బడికి ఎగనామం పెట్టి షూటింగుకి వెళ్తున్నాడేమో కనిపెట్టడానికట.

నిన్న సాయంత్రం సీరియల్లో ఎవడో విసిరిన రాయి జడ్జి నుదుటికి తగిలింది. ఈవేళ, నాలుగు రోజుల సెలవుల తర్వాత, మాస్టారు నుదుటి మీద ఇంత ప్లాస్టరుతో బడికి దిగాడు.

"ఏమైంది సార్?"

"శనివారం బడి వదిలాక మ్యాపు దించుతుంటే దాని ఇనప కడ్డీ నుదుటి మీద పడింది మేడమ్. నాలుగు కుట్లు వేశారు."

ఆవిడ తిన్నగా క్లాసుకి వెళ్లి చూశారు. మ్యాపు నిక్షేపంలా మేకుకి వేలాడుతోంది. కడ్డీకి ఒక్క మరక లేదు. తిరిగొస్తుంటే స్టాఫ్ రూములో మాస్టారు ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఎల్లుండి దాకా తియ్యకూడదా? సరే, కదలకుండా చూసుకుంటా."

ఇంకేం కావాలి. సీరియళ్ల సంగతి ఆవిడకి కొట్టినపిండి. దెబ్బ సీను పూర్తయ్యేదాకా ప్లాస్టరు అదే చోట, అదే సైజులో ఉండాలి. అంటే మధ్యలో షూటింగు ఉందన్నమాట. అనుమానం కాస్తా పదకొండు కావస్తుండగా రూఢి అయింది.

"మేడమ్, మధ్యాహ్నం ఒక గంట ముందు వెళ్లొచ్చా? ఇంజెక్షనుకి డాక్టరు రమ్మన్నారు."

"ఏ డాక్టరు? కిందటి సీరియల్లో మీరే కదా డాక్టరు."

మాస్టారు నీళ్లు నమిలాడు. నిజం చెప్పేవాడికి నీళ్లు నమలాల్సిన పనేమిటని ఆవిడ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ప్లాస్టరు అంచు పట్టుకుని చటుక్కున లాగేశారు.

మాస్టారు "అబ్బా" అని మెల్లగా అని బల్ల పట్టుకున్నాడు.

"నిన్న రాయి తగిలితే కోర్టు ఎగిరిపోయేలా అరిచారే. ఇప్పుడేంటి ఇంత చప్పగా..." అంటుండగానే కనుబొమ్మ మీదుగా రక్తం కారింది. నాలుగు కుట్లూ లెక్కకి సరిగ్గా ఉన్నాయి.

అటెండరు దూది పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, మళ్లీ రేగిందా? ఆ రోజు కడ్డీ కడిగి మ్యాపు తగిలించింది నేనే మేడమ్. ఈయన దెబ్బ చూసే ఆ డైరెక్టరు కథలో రాయి వేయించాడట."

హెడ్మిస్ట్రెస్ గారు గబగబా ప్లాస్టరు మళ్లీ అంటించబోయారు. సరిగ్గా అప్పుడే సెక్రటరీ లోపలికి వచ్చాడు. ఆవిడ చేతిలో రక్తం అంటిన ప్లాస్టరు, కళ్లలో నీళ్లు. మాస్టారు ఒక్క మాట అంటే తన కుర్చీ గల్లంతు.

"కట్టు వదులైంది సార్," అన్నాడు మాస్టారు. "మేడమే స్వయంగా మారుస్తున్నారు."

సెక్రటరీ కరిగిపోయాడు. "స్టాఫ్‌ని ఇలా కన్నబిడ్డల్లా చూసుకునేవాళ్లు ఎంతమందుంటారమ్మా."

ఆవిడ మరో మాట లేకుండా సంతకం పెట్టారు. సెక్రటరీ కాగితం పట్టుకుని వెళ్లాడు, అటెండరు ఆయన వెంట వెళ్లాడు. తలుపు పడగానే హెడ్మిస్ట్రెస్ గారు కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది ఆవిడకి.

"నన్ను క్షమించండి సార్. ఎంత పాపిష్టి పని చేశాను."

మాస్టారు నుదుటికి దూది అదుముకుంటూ తలుపు సందులోంచి వరండాలోకి ఓసారి చూసి వచ్చాడు.

"ఆయన వెళ్లిపోయారు మేడమ్, ఇక ఆపెయ్యండి. మరీ అంతలా ఏడిస్తే ఎవరూ నమ్మరు."