రగ్గు కప్పుకున్న ఇంటర్న్

జీతం లేని ఉద్యోగాన్ని మించిన భాగ్యం ఈ లోకంలో లేదు. నవ్వకండి! జీతమే లేనప్పుడు అందులో కోత ఎక్కడిది? పెరగలేదన్న ఏడుపెక్కడిది?

మా మేనకోడలినే చూడండి. వన్యప్రాణి శాస్త్రం చదివింది. అడవి జంతువుల మీద పరిశోధన చేసే ఉద్యోగమే కావాలని పట్టుబట్టి కూర్చుంది. ఉద్యోగం అడిగితే అనుభవం ఉందా అన్నారు. అనుభవం అడిగితే ఇంటర్న్‌షిప్ చెయ్యమన్నారు. ఇది మూడోది. పిల్ల చిక్కి సగమైందని మా అక్క ఒకటే గోల. జనం జిమ్ముల్లో డబ్బు పోసి చిక్కడం లేదూ? దీనికి ఉచితం!

పని కూడా రాచపని. అడవిలో చెట్లకు కెమెరాలు కడతారు. ఎదురుగా ఏది కదిలినా అవి ఫొటో తీస్తాయి. సరిగ్గా తీస్తున్నాయో లేదో చూడాలంటే జంతువంత ఎత్తులో ఏదో ఒకటి ముందునుంచి నడవాలి. పులిని పిలిస్తే వస్తుందా? అందుకే ఇంటర్న్ చేతులూ మోకాళ్లూ నేలకానించి పాకుతుంది. మనిషని తెలియడానికి ఆరెంజ్ జాకెట్లున్నాయి గానీ, అవి పర్మనెంట్ ఉద్యోగులకే. మా పిల్ల చలికి మా బావ పాత గోధుమరంగు రగ్గు కప్పుకుని పాకింది.

కంప్యూటర్ ఆ ఫొటోలు చూసి, గుర్తు తెలియని జంతువని తేల్చింది.

డైరెక్టర్ గారు ఎగిరి గంతేశారు. "రోజూ వస్తోందయ్యా! ఎంత చిక్కిపోయిందో, పాపం!" అన్నారు. వెంటనే దానికి మూడు పూటలా తిండి మంజూరైంది. పడుకోవడానికి షెడ్డు, చూడ్డానికి డాక్టరు. దాని నిద్ర చెడుతుందని ఆ దారిన జీపులు కూడా ఆపేశారు. ఇంటర్న్‌గా మా పిల్ల అడిగిన మంచం మాత్రం ఇంకా ఫైల్లోనే ఉంది.

"మావయ్యా, అది నేనేనని చెప్పెయ్యనా?" అని ఫోన్ చేసింది.

"చెప్తే ఏమవుతుందే?"

"మనిషినైపోతాను. తిండి ఆపేస్తారు."

"అయితే నోరు మూసుకుని పాకు," అన్నాను. మేనమామగా ఇంతకన్నా మంచి సలహా ఎవరివ్వగలరు?

ఇంతలో ఆ జంతువును అధ్యయనం చెయ్యడానికి జీతంతో సహా ఒక ఉద్యోగం పడింది! మా పిల్ల ఇంటర్వ్యూకి పరుగెత్తింది. ఆ జంతువుతో అనుభవం ఉందా అని అడిగారు. ఇక ఆగలేక, "అది నేనేనండీ!" అనేసింది.

డైరెక్టర్ గారికి ఒళ్లు మండిపోయింది. "దానికి షెడ్డుంది, డాక్టరున్నాడు, మూడు పూటలా తిండుంది. నువ్వు ఇంటర్న్‌వి! అది నువ్వెలా అవుతావమ్మా?" అన్నారు.

ఉద్యోగం అనుభవమున్న ఒకాయనకు వెళ్లింది. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. నా కడుపు తరుక్కుపోయింది గానీ, అది ఇక్కడ రాస్తే నా వాదన చెడుతుంది. ఇప్పుడు ఆయన ఆరెంజ్ జాకెట్ వేసుకుని, పొదలో కూర్చుని, జీతం తీసుకుంటూ మా పిల్లను చూస్తున్నాడు.

కాబట్టి పాఠకులారా, జీతం లేని పని భాగ్యమే. ఈ కాలమ్ రాస్తున్నందుకు మా ఎడిటర్ గారు నాకిచ్చేదీ అనుభవమే.

అక్కా, మీ ఇంట్లో ఇంకో రగ్గుందా?