టెక్సస్‌లో ఒక అణా

టెక్సస్ రాష్ట్రంలో తెలుగువారి చరిత్ర నూరేళ్లకు పైబడినదని నిస్సందేహంగా రుజువైనట్లు ప్లేనో తెలుగు వైభవ సమితి ప్రకటించింది. పాత సమితి చీలిపోగా మిగిలినదానిలోంచి చీలిన సమితి ఇది. కనుక దీని మాటకు విలువ ఎక్కువ. రుజువు ఒక అణా నాణెం. ప్లేనో ఊరికి ఉత్తరంగా గంట ప్రయాణంలో మిసెస్ ప్రూయిట్ అనే పెద్దావిడకు పశువులు మేసే బీడు ఉంది. ఆ బీడులో, గేటు పక్కనే, సమితి అధ్యక్షులు జగదీష్ గారి స్వహస్తాలతో అణా బయటపడింది. చరిత్ర సాధారణంగా గేటుకు చాలా దూరంలో ఉంటుంది. అధ్యక్షులవారికి మోకాళ్ల నొప్పులని తెలిసి కాబోలు, ఈసారి అదే దగ్గరికి నడిచి వచ్చింది.

ఇంతటి ఘనకార్యానికి మూలకారకుడు ఫణి అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆయన క్లౌడ్‌లో పనిచేస్తాడు. పగలంతా తాను చేసిన పని ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం ఆయనకే చేతకాదు. కూతురు వేద ఒకరోజు "డాడీ, నువ్వు ఆఫీస్‌లో మేక్ చేసేది టచ్ చేయొచ్చా?" అని అడిగింది. కొన్నాళ్ల తరువాత ఇంటికి ఒక పొడవాటి పెట్టె వచ్చింది. అందులో భూమిలోని లోహాన్ని పసిగట్టి కూతపెట్టే యంత్రం ఉంది.

ఆయన భార్య పేరు స్పందన. ఆవిడ దాన్ని ఎగాదిగా చూసింది. "ఆ కర్ర పట్టుకుని ఎవరి పొలాల్లో తిరుగుతావు? ఇది టెక్సస్. అడగరు, కాల్చేస్తారు."

"పర్మిషన్ తీసుకునే వెళ్తాను," అన్నాడు ఫణి.

పర్మిషన్ల విషయంలో ఆయనకు అపారమైన అనుభవం ఉంది. దేశంలోకి రావడానికి అనుమతి, ఉండడానికి అనుమతి, ఉద్యోగానికి అనుమతి, చెల్లెలి పెళ్లికి వెళ్లి తిరిగి రావడానికి అనుమతి అన్నీ తీసుకున్నవాడే. అందుచేత ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయరును సంప్రదించాడు. హెచ్-వన్-బి వీసా మీద ఉన్నవాడికి నాణెం దొరికితే అది అనధికార ఉద్యోగం కిందికి వస్తుందా అని అడిగాడు. లాయరు దీర్ఘంగా ఆలోచించి, దొరికినందుకు సంతోషించవచ్చుననీ, ఆ సంతోషం వృత్తిగా మారకుండా జాగ్రత్తపడాలనీ సలహా ఇచ్చాడు.

తరువాత ఫణి తలుపులు తట్టడం మొదలుపెట్టాడు. ఒకాయన తలుపు తీయకుండానే వద్దన్నాడు. ఇంకొకాయన కరెంటు మీటరు చూడడానికి వచ్చాడనుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. మిసెస్ ప్రూయిట్ మాత్రం వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెప్పినదంతా విన్నది.

"తవ్విన గుంట పూడుస్తావా?" అని అడిగింది.

"పూడుస్తాను."

"గేటు వేస్తావా? ఆవులు రోడ్డెక్కుతాయి."

"వేస్తాను."

"దొరికింది నాకు చూపించు. పనికొచ్చేదైతే నువ్వు తీసుకో. మావాళ్లదైతే నాకివ్వు. అంతే."

ఇంత చిన్న అనుమతి ఫణి జన్మలో చూడలేదు. నమ్మకం కుదరక, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు. ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. "మాట ఇచ్చావు కదా," అంది.

ఆ శీతాకాలమంతా శనివారాలు ఫణి బీడులోనే ఉన్నాడు. ఎక్కువగా మేకులు దొరికాయి, బీరు డబ్బాల మూతలు దొరికాయి. గోధుమ వెన్నులు చెక్కిన పాత పెన్నీలు కొన్ని దొరికాయి. ఒకసారి ఆకుపచ్చగా చిలుము పట్టిన ఇత్తడి రేకు దొరికితే మిసెస్ ప్రూయిట్ దాన్ని బొటనవేలితో తుడిచి, మౌతార్గాన్‌లోదని గుర్తుపట్టింది. వాళ్ల నాన్న సాయంత్రాలు వాయించేవాడట. ఒకరోజు దాన్ని ఎక్కడో పారేసుకుని వచ్చి ఇంటిల్లిపాదినీ అనుమానించాడట. ఆవిడ ఆ రేకును వంటింటి కిటికీలో పెట్టుకుంది. ఫణి ఆ రోజు ఇంటికి వచ్చి, మోకాళ్లకు అంటిన మట్టి కడుక్కోకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు. ఇరవై నాలుగు గంటలూ నడిచే వ్యవస్థలను నిర్మించిన మనిషికి ఒక పనికిరాని రేకు ఇంత ఆనందం ఇవ్వడం సాంకేతికంగా వివరించలేని విషయం.

ఇక్కడ అణా సంగతి చెప్పాలి. యంత్రం సరిగా మోగుతోందో లేదో చూసుకోవడానికి ఈ పని చేసేవాళ్లు తెలిసిన నాణెం ఒకటి గడ్డిలో వేసి పరీక్షిస్తారు. ఫణి దగ్గర తాతగారి నాటి ఒక అణా ఉంది. అంచు పువ్వు రేకుల్లా ఉంటుంది. ఒకవైపు ఐదో జార్జి చక్రవర్తి, మరోవైపు 1919 అనే సంవత్సరం, నాలుగు దేశభాషల్లో విలువ. ఆ నాలుగింటిలో తెలుగు ఒకటి. ప్రతి శనివారం గేటు దగ్గర దాన్ని గడ్డిలో వేసేవాడు, మోగించేవాడు, జేబులో వేసుకునేవాడు. ఒక శనివారం వేసిన వెంటనే ఆఫీస్ నుంచి ఫోన్ వచ్చింది. క్లౌడ్‌లో ఏదో కూలిపోయింది. ఫణి గేటు వేసి పరుగెత్తాడు. అణా గడ్డిలోనే ఉండిపోయింది. వచ్చే శనివారం వెతుక్కుందామనుకున్నాడు.

అదే వారంలో ఫణికి అంతకుముందు దొరికిన వెండి డైమ్, అంటే పది సెంట్ల నాణెం, ఫోటోను స్పందన వాట్సాప్ గ్రూపులో పెట్టింది. జగదీష్ గారు వెంటనే ఫోన్ చేశారు.

"ఫణీ, ఇంత పెద్ద యాక్టివిటీ నువ్వొక్కడివే చేసుకుంటే ఎట్లా? కమ్యూనిటీకి ఓపెన్ చెయ్."

"అన్నా, అది ఆవిడ ల్యాండ్. ఆవిడని అడగాలి."

"అడుగు. ఎవరు వద్దన్నారు?"

ఫణి అడిగాడు. ఫ్రెండ్స్‌ని తెచ్చుకోమంది మిసెస్ ప్రూయిట్. ఆవిడ ఉద్దేశంలో అది ఇద్దరో ముగ్గురో. "ఫ్రెండ్స్ అంది కదా. ప్లూరల్," అని అధ్యక్షులవారు తేల్చారు. ఇంగ్లిష్ వ్యాకరణాన్ని మనవాళ్లు ఎంత నిష్ఠగా పాటిస్తారో ఆ శనివారం తేలింది. కార్లు గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా బారులు తీరాయి. భూమికి బాధ కలగకుండా పురోహితుడు భూమిపూజ చేశాడు. స్పాన్సర్లుగా రియల్ ఎస్టేట్ వారు పందిరి వేసి, ఈ ప్రాంతంలో చరిత్రకు మించి ఎదుగుదల ఉందని కరపత్రాలు పంచారు. మిసెస్ ప్రూయిట్ ఇద్దరు ముగ్గురికి సరిపడా ఐస్ టీ చేసి ఉంచింది. జనాన్ని చూసి కూజా లోపలికి తీసుకుపోయి, నీళ్ల గొట్టం బయట పెట్టింది.

ఫణి గేటు దగ్గరికి వెళ్లబోయేసరికే అక్కడ తివాచీ పరిచారు. ప్రారంభోత్సవం అక్కడేనట. జగదీష్ గారు ఫణి యంత్రాన్ని అందుకుని కెమెరా వైపు చూస్తూ ఒక్కసారి ఊపారు. అది మోగింది. మోగక ఏం చేస్తుంది? ప్రతి శనివారం అలవాటైన నాణెమే కదా. వంగలేక ఆయన పక్కవాళ్ల చేత తివాచీ ఎత్తించి, గడ్డి తీయించి, స్వహస్తాలతో దుమ్ము దులిపారు. నాణెం మీద తెలుగు అక్షరాలున్నాయి. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత ఎవరూ ఆగలేదు.

మిగతావాళ్లు సాయంత్రం దాకా తవ్వారు. గుంటలు పూడ్చే కార్యక్రమం ఆహ్వానంలో లేనందువల్ల ఎవరూ పూడ్చలేదు.

ఫణి అధ్యక్షులవారిని పక్కకు పిలిచాడు. "అన్నా, అది నాదే. లాస్ట్ వీక్ ఇక్కడే పడేసుకున్నా."

"నీదని ప్రూఫ్ ఏంది?"

"మా తాతయ్యది. చిన్నప్పటి నుంచి నా దగ్గరే ఉంది."

జగదీష్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "చూడు తమ్ముడూ. నీది పోయింది, కరెక్ట్. ఇది దొరికింది, కరెక్ట్. అవి రెండు సెపరేట్ ఈవెంట్స్. ఎందుకు మిక్స్ చేస్తున్నావ్?"

తరువాతి పరిశోధన లక్ష్మీపతి గారు చేపట్టారు. ఆయన పౌరసరఫరాల శాఖలో రిటైరై, కొడుకు ఇంటికి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన చరిత్రకారులు. ఒక తెలుగు రైతు గోదావరి దాటి, రెండు సముద్రాలు దాటి, ప్రూయిట్ గారి బీడుకు చేరి, గేటు దగ్గర సేదతీరుతుండగా నడుముకు కట్టుకున్న అణా జారిందని ఆయన నిర్ధారించారు. అన్ని సముద్రాలు దాటినవాడు ఒకే ఒక్క అణా ఎందుకు తెచ్చుకున్నాడంటే, మిగతావి ఇంకా దొరకలేదన్నారు. నాణెం మీది అక్షరాలను పెద్దవి చేసి బ్యానర్ కూడా వేయించారు. ఫణి దాన్ని చూసి తల గోక్కున్నాడు.

"సార్, ఇది బెంగాలీ. తెలుగు ఇదే వైపు, ఎదురు అంచున ఉంది."

"ఇప్పుడు బెంగాలీయే నాయనా," అన్నారు లక్ష్మీపతి గారు వాత్సల్యంతో. "అప్పుడు తెలుగు."

ఆ బ్యానర్ కింద ఫోటో దిగడానికి వచ్చినవాళ్లలో తెలుగు బడి ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. అవే అక్షరాలు నల్లరాతి మీద చెక్కించి, మిసెస్ ప్రూయిట్ గేటు పక్కన పాతారు. పోటీ సమితి వారు పక్క బీడు యజమానికి శాలువా కప్పి, తమకు అణాన్నర దొరికే అవకాశం ఉందని ప్రకటించారు.

ఇక మిగిలింది విజయోత్సవ సభ. ఫణికి "పురావైభవ రత్న" బిరుదు ఇస్తారని తెలిసింది. ఆయన రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. చివరికి స్పందనతో అన్నాడు, "స్టేజ్ మీదే చెప్పేస్తాను. ఆవిడ ల్యాండ్‌లో అబద్ధం పాతిపెట్టాం మనం. నేను మాటిచ్చి అడుగుపెట్టిన చోటు అది."

స్పందన బట్టలు మడతపెడుతూ ఉంది. "వేద డాన్స్‌కి లంచ్ ముందు స్లాట్ ఇచ్చారు. సంవత్సరం నుంచి ప్రాక్టీస్ చేస్తోంది. నువ్వు ముందే చెప్పావంటే దాన్ని స్టేజ్ ఎక్కనివ్వరు."

"అయితే చెప్పొద్దా?"

"చెప్పొద్దనలేదు. చెప్పు. డాన్స్ అయ్యాక చెప్పు."

మన సభల్లో లంచ్‌కు ముందు స్లాటు అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. జనం లేవడానికి సిద్ధంగా ఉంటారు కానీ ఇంకా లేవరు. వేద బాగా చేసింది. ఒకచోట తడబడి, తానే నవ్వుకుని, మళ్లీ అందుకుంది. ఫణి చప్పట్లు కొట్టి, అక్కడి నుంచే వేదిక ఎక్కాడు. మొదటి వరుసలో మిసెస్ ప్రూయిట్ శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. హాలులోకి అప్పుడే గోంగూర మాంసం వాసన వచ్చింది.

ఫణి స్వచ్ఛమైన తెలుగులో, దాచకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. అణా తనదేనన్నాడు. ఫోన్ వస్తే గడ్డిలో వదిలేసి పోయానన్నాడు. నూరేళ్ల కిందట ఆ బీడుకు తెలుగువాడెవడూ రాలేదనీ, మొన్న శీతాకాలంలో వచ్చింది తానేననీ అన్నాడు. రాతి మీద చెక్కింది తెలుగు కాదన్నాడు. ఒక పెద్దావిడ నమ్మి రానిస్తే ఆమె నేలను గుంటలు చేసి వచ్చామనీ, అందుకు మనమంతా సిగ్గుపడాలనీ అన్నాడు.

హాలంతా నిలబడి చప్పట్లు కొట్టింది. నిలబడినవాళ్లు అలాగే లంచ్ లైన్ వైపు కదిలారు.

జగదీష్ గారు మైకు అందుకున్నారు. "మిత్రులారా, ఇంత సాధించి కూడా 'నాదేమీ లేదు, నేను పారేసుకున్నదే' అని చెప్పుకోగల వినయం ప్రపంచంలో ఒక్క తెలుగువాడికే సాధ్యం. ఈ వినయానికి మనమంతా సిగ్గుపడాలి, అనగా గర్వపడాలి," అని ఫణి మెడలో పూలదండ వేశారు.

వేదిక దిగిన ఫణిని మిసెస్ ప్రూయిట్ ఆపింది. "అంతలా చప్పట్లు కొట్టారు. ఏం చెప్పావు?"

ఫణి అదంతా మళ్లీ ఇంగ్లిష్‌లో చెప్పాడు. చుట్టూ పళ్లేల చప్పుడు. ఆవిడ ముందుకు వంగి, ఒక్క మాట పోకుండా విన్నది. నవ్వలేదు. శాలువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మాట తప్పావు," అంది.

"అవును."

"శనివారం రా. పార నేనిస్తాను."

ఆ శనివారం, ఆ తరువాతి శనివారాలూ ఫణి గుంటలు పూడ్చాడు. ఒకరోజు స్పందన, వేద కూడా వచ్చి మట్టి తొక్కారు. సమితి నుంచి ఇంకెవరూ రాలేదు. అది హెరిటేజ్ సైట్ కాబట్టి ముట్టుకోకూడదని గ్రూపులో మెసేజ్ వచ్చింది. రాయిని పీకేస్తానని ఫణి అంటే మిసెస్ ప్రూయిట్ వద్దంది. దానికి ఆవులు ఒళ్లు రుద్దుకుంటున్నాయట. ఆ మాత్రం ఉపయోగం ఉన్న శిలాఫలకాలు తక్కువ. చివరి గుంట పూడాక ఆవిడ వరండాలోకి ఐస్ టీ తెచ్చి, ఆగ్నేయం మూలన పాత బావి ఉండేదనీ, అక్కడ ఇంకా వెతకలేదు కదా అనీ అడిగింది. ఫణి గ్లాసు కింద పెట్టి యంత్రం కోసం కారు దగ్గరికి నడిచాడు.

ఫణి గారి ప్రసంగం వీడియోను సమితి వారు "వినయానికి నిలువెత్తు నిదర్శనం" అనే శీర్షికతో అన్ని గ్రూపులకూ పంపారు. వేల మంది లైక్ కొట్టారు. దండాలు పెట్టారు. కన్నీళ్లు వచ్చాయని రాశారు. విన్నవారు మాత్రం ఇంతవరకు ఎవరూ బయటపడలేదు. మీకూ వచ్చే ఉంటుంది. ఫార్వర్డ్ కూడా చేసే ఉంటారు.