పొట్టు కొట్టిన కరెంటు కత్తి

ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి రాజోలులో ఒక ఇంట్లో కరెంటు పోయింది. పక్కింట్లో పోలేదు. ఎదురింట్లోనూ పోలేదు. ఆ సమయానికి ఆ ఇంటి పెరటి వరండాలో ఒక పనసకాయ, ఒక కరెంటు కత్తి, ఇంటి యజమాని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఉన్నారు. ముగ్గురూ ఒకరికొకరు అతుక్కుని ఉన్నారు.

ఆయన పేరు బ్యాంకు పుస్తకంలో ఒక లైనులో పట్టదు. అందుకని వీధిలో అందరూ ఈశ్వర్రావు గారంటారు. కొబ్బరికాయల వ్యాపారం. ఈ మధ్య ఆయన లేనప్పుడు కోతల ఈశ్వర్రావు అంటున్నారు. ఏ అర్థంలో అన్నది ఎవరూ అడగలేదు.

కత్తి సంగతి ఇది. ఆయన బావమరిది చిన్నా కువైట్‌లో ఒక హోటలు వంటింట్లో పనిచేస్తాడు. సెలవుకి వచ్చినప్పుడు అక్క దుర్గాభవానికి ఈ కత్తి తెచ్చి ఇచ్చాడు. పిడి లోపల మోటారు ఉంటుంది. రంపంలాంటి రేకులు రెండు పక్కపక్కనే ఉంటాయి. స్విచ్చి నొక్కితే ఒకటి ముందుకు పోతుంది, ఒకటి వెనక్కి వస్తుంది. అక్కడ దాంతో మాంసం, రొట్టె కోస్తారని చిన్నా చెప్పాడు. దుర్గాభవాని గారు దాన్ని పెట్టెతో సహా బీరువా మీద పెట్టారు. భర్త మర్నాడు దించారు.

మొదట రొట్టె కోశారు. తెగింది. కేకు కోశారు. అదీ తెగింది. తరవాత దివాను మీదికి స్పాంజి కోశారు. గీత గీసిన చోటే తెగింది. చూడటానికి వచ్చినవాళ్లు ఆ మాట ఆయన ముందే అన్నారు. అనకుండా ఉండాల్సింది.

పక్కింటి మేరీ టీచరు గారు చర్చిలో కుర్చీలకు స్పాంజి కోయించుకున్నారు. ఈస్టరు నాటకంలో సమాధి ముందు దొర్లించే బండ కావాలంటే, థర్మోకోలుతో అదీ కోసి ఇచ్చారు. నాటకంలో అందరికంటే బండే బాగా చేసిందని పాస్టరు గారు అన్నారట. ఈ విషయం ఈశ్వర్రావు గారు చెప్పగా తెలిసింది.

అన్నీ ఇలా జరగలేదు. ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకులను సమానంగా కోసి పంచుతానని ఫ్యాను కింద కూర్చున్నారు. ఆ పూతరేకులను చీపురుతో పోగుచేశారు. పరుపు మంచం దాటి బయటికి వస్తోందని కాళ్ల వైపు కోశారు. టేపు పరుపు మొదట్నుంచి పట్టారా, దిండు దగ్గర్నుంచి పట్టారా అన్నది తేలలేదు. ఇప్పుడు పడుకుంటే ఆయన పాదాలు చెక్క మీద ఉంటాయి.

"ఆ కత్తి మా తమ్ముడు నాకు తెచ్చేడండి," అన్నారు దుర్గాభవాని గారు.

"నీకోసమే కదా వాడుతున్నాను."

"పరుపు నాకోసమే కోసేరా?"

"నీకు సరిపోతోందా లేదా?"

ఆమెకు సరిపోతోంది. ఆమె ఎత్తు తక్కువ.

పనసకాయకు కారణం వేరు. దుర్గాభవాని గారి పుట్టిల్లు కొత్తపేట. ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్లికి ఒక ఆనవాయితీ ఉంది. వంట ఎవరు చేసినా పనసపొట్టు మాత్రం ఇంటి అల్లుళ్లే కొట్టాలి. పెళ్లి ముందురోజు పందిట్లో చాప వేసి వాళ్లను పక్కపక్కన కూర్చోబెడతారు. కాయకు ముళ్ల చెక్కు తీసి, చేతికీ కత్తికీ నూనె రాసుకుని, దగ్గరదగ్గరగా గాట్లు కొట్టి చెక్కుతూ పోతే పొట్టు రాలుతుంది. చుట్టాలు కుర్చీలు వేసుకుని చూస్తారు. కొందరు అందుకోసమే ముందురోజు వస్తారు.

ఆ ఇంటికి అల్లుళ్లు ఇద్దరు. పెద్దల్లుడు ఎర్రయ్య గారిది అమలాపురం. ఆయన కొట్టిన పొట్టును అత్తగారు చిన్నమ్మలు గారు చారెడు తీసి, వచ్చినవాళ్లకు చూపించి, దూది అంటారు. చిన్నల్లుడు ఈశ్వర్రావు గారు. ఎర్రయ్య గారి పెద్దమ్మాయి పెళ్లిలో ఈయన కొట్టింది కూడా ఆవిడ చారెడు తీసి చూశారు. ఎవరికీ చూపించలేదు. పళ్లెం దొడ్లోకి పంపారు. గేదె కొంత తిని కొంత వదిలేసిందని పందిట్లో చెప్పుకున్నారు.

ఇప్పుడు ఎర్రయ్య గారి రెండో అమ్మాయి దుర్గాశ్రీ పెళ్లి కుదిరింది. వైశాఖంలో, కొత్తపేటలో అమ్మమ్మగారి ఇంటి దగ్గరే. ఆ ఆదివారం చిన్నమ్మలు గారు, ఎర్రయ్య గారు పిలుపులకు రాజోలు వస్తున్నారు. భోజనం ఈశ్వర్రావు గారింట్లో.

ఈశ్వర్రావు గారి పథకంలో మూడు భాగాలున్నాయి. ఆ భోజనంలో కరెంటు కత్తి పొట్టు పెట్టాలి. అత్తగారి చేత బాగుందనిపించాలి. పెళ్లి పందిట్లో చాప మీద కాకుండా కుర్చీలో కూర్చుని స్విచ్చి నొక్కాలి. ఎర్రయ్య గారు చాప మీద నుంచి చూడాలి.

శనివారం మధ్యాహ్నం భార్యకు చెప్పారు.

"పొట్టు కొట్టేదండి. కోసేది కాదు," అన్నారు ఆమె.

"కూరలో పడ్డాక ఎవరికి తెలుస్తుంది?"

"మా అమ్మకి. అయినా స్పాంజికి పాలుండవండి. పనసకాయకి ఉంటాయి. జిగురు పట్టేస్తుంది."

"నూనె రాస్తాను. ఆ మాత్రం తెలియకుండానే కోనసీమలో పుట్టేనా?"

"ఎక్కడ రాస్తారు?"

కత్తికేనని ఆయన అన్నారు. అమ్మకు నచ్చకపోతే ఏం చేస్తారని ఆమె అడిగారు. నచ్చకపోతే కత్తి బీరువా ఎక్కుతుందనీ, మళ్లీ దించననీ ఆయన మాట ఇచ్చారు.

"నచ్చితేనో?"

"నచ్చితే మీ అమ్మగారు ఎలా అంటే అలా."

"ఆయ్," అన్నారు దుర్గాభవాని గారు. సాయంత్రం మేరీ టీచరు గారింటికి వెళ్లి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చారు.

ఆదివారం పొద్దున్న ఈశ్వర్రావు గారు ఎవరినీ పెరట్లోకి రావద్దన్నారు. వరండాలో గోనెసంచి పరిచి కాయను పెట్టారు. కొబ్బరి నూనె తెచ్చారు. చేతులకు రాసుకున్నారు. రేకులకు రాశారు. అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. రేకులు పిడి లోపలికి వెళ్లి వస్తున్నాయి కాబట్టి జిగురు కూడా లోపలికి వెళ్తుందని ఆయన ఆలోచించారు. రేకులు దూరే సందులో నూనె పోశారు. కత్తికి నూనె రాయకుండా పనసకాయ ముట్టుకునే ఇల్లు ఈ ప్రాంతంలో లేదు. కత్తికి నూనె తాగించిన ఇల్లు మాత్రం ఇదొక్కటే.

స్విచ్చి నొక్కారు. కాయ తెగింది. పొట్టు రాలేదు, చక్రాలు వచ్చాయి. చక్రాలను కోస్తే పేళ్లు వచ్చాయి. పేళ్లను కోయబోతే నూనె చేతికి పిడి జారింది. ఆయన తువ్వాలు తీసుకుని చేతులు రెండూ శుభ్రంగా తుడుచుకున్నారు. పాలు చేతికి పట్టడం ఆ తరవాత మొదలైంది.

కత్తి చప్పుడు మొదట తుమ్మెదలా ఉందనీ, తరవాత ట్రాక్టరులా ఉందనీ గోడ అవతల మేరీ టీచరు గారు విన్నారు. ట్రాక్టరులా ఉన్నప్పుడు ఆయన ఇంకా గట్టిగా నొక్కారు. పిడిలోంచి పొగ వచ్చింది. ఇంట్లో కరెంటు పోయింది.

దుర్గాభవాని గారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏవైందండి?"

"కరెంటు పోయింది."

"పక్కింట్లో ఉందండి."

"వాళ్లది వేరే లైనులే."

ఆమె ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకేశారు. తరవాత మీటరు దగ్గర పడిపోయిన స్విచ్చిని పైకెత్తారు. అమ్మవాళ్లు అమలాపురం దాటేరని చెప్పారు. పొట్టు ఎప్పటికి అవుతుందని అడిగారు. గంటలో ఇస్తానని ఆయన అన్నారు. ఆమె ఆయన కుడిచేతిని, అందులో కత్తిని, కత్తి చివర కాయను, ఎడమచేతికి అంటుకున్న తువ్వాలును వరసగా చూసి, ఆయ్ అని లోపలికి వెళ్లిపోయారు.

ఈశ్వర్రావు గారు వాటన్నిటితో లేచి గోడ దగ్గరకు నడిచారు. మేరీ టీచరు గారు గోడ మీంచి నూనె పోసి వేలు తరవాత వేలు విడదీశారు. ఆయన గొంతు తగ్గించి ఒక సాయం అడిగారు. తాటిపాక సెంటరులో కొట్టిన పొట్టు కుప్పలు పోసి అమ్ముతారు, ఎవరి చేతనైనా తెప్పించాలి.

"అంత దూరం ఎందుకండీ అన్నయ్య గారూ, మా ఫ్రిజ్జులో ఉంది," అన్నారు మేరీ టీచరు గారు.

డబ్బా తెచ్చి ఇచ్చారు. పొట్టుకు పసుపు కూడా కలిపి ఉంది. ఈ సంగతి దుర్గకు చెప్పొద్దని ఆయన బతిమాలారు. తాను అబద్ధం ఆడననీ, అడక్కపోతే మాత్రం చెప్పననీ ఆవిడ అన్నారు. ఆ పూట ఆవిడకు చర్చికి ఆలస్యమైంది.

ఆయన పొట్టును పళ్లెంలో పోసి, కొంచెం వరండాలోనూ చల్లి, వంటింట్లోకి తీసుకెళ్లారు.

"ఎంత సన్నగా వచ్చిందండీ," అన్నారు దుర్గాభవాని గారు.

"మరేమనుకున్నావు?"

భోజనాలకు చిన్నమ్మలు గారు, ఎర్రయ్య గారు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవపెట్టిన పనసపొట్టు కూర ముందు అత్తగారికే వడ్డించారు. ఆవిడ ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్దకు అన్నం కలపలేదు, కూరే తిన్నారు. ఈశ్వర్రావు గారు తినడం ఆపి చూస్తున్నారు.

"ఇదెవరు కొట్టేరు బాబూ?"

"మిషను కొట్టిందండి అత్తయ్య గారూ. నేను పట్టుకున్నానంతే."

"దూది," అన్నారు చిన్నమ్మలు గారు.

ఎర్రయ్య గారు కూర వేలితో జరిపి చూసుకున్నారు. మిషను ఒకసారి చూపించమన్నారు. వేడి మీదుంది, చల్లారాలని ఈశ్వర్రావు గారు చెప్పారు. తరవాత కుర్చీ గురించి, స్విచ్చి గురించి, రాబోయే రోజుల్లో చాపల మీద కూర్చోవడం గురించి మాట్లాడారు. పెరుగు వచ్చేదాకా మాట్లాడారు. అంతసేపూ ఎవరూ అడ్డు చెప్పలేదు.

పెరుగన్నంలో చిన్నమ్మలు గారు అసలు సంగతి చెప్పారు.

"పెద్దల్లుడు గారికి నడుం పట్టేసిందండి. ఈసారి కింద కూర్చోలేరు. పొట్టు ఎవరు కొడతారా అని దారంతా అదే గొడవ. దేవుడిలా మీకు మిషను వచ్చింది. మొత్తం మీరే కానిచ్చెయ్యండి బాబూ."

"మొత్తం అంటే అండీ?"

"పాతిక కాయలు చెప్పేనండి తమ్ముడు గారూ. మిషనుకి ఎంతసేపు?" అన్నారు ఎర్రయ్య గారు.

ఈశ్వర్రావు గారు భార్య వైపు చూశారు. ఆమె పెరుగు వడ్డిస్తున్నారు.

"నీకు నచ్చితే నువ్వెలా అంటే అలా అని నిన్ననే అన్నారమ్మా," అన్నారు తల్లితో.

చుట్టాలు వెళ్లాక ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ ఇది.

"దుర్గా, ఆ పొట్టు మిషనుది కాదు."

"తెలుసండి. నాది."

"నీదేమిటి?"

"నిన్న సాయంత్రం మేరీ గారింట్లో కూర్చుని కొట్టేను. మీరు నూనె రాస్తానన్నప్పుడే అనుకున్నాను, పొద్దున్నకి ఇంట్లో కూర ఉండదని."

"మరి వాళ్ల ముందు చెప్పొచ్చు కదా."

"మిషను కొట్టిందని చెబుతారని నాకేం తెలుసండి? మేరీ గారు ఇచ్చేరంటారేమో అనుకున్నాను. ఇప్పుడైనా మించిపోయిందేమీ లేదు. అమ్మకి ఫోను చేసి నిజం చెప్పెయ్యండి. కత్తి బీరువా ఎక్కుతుంది. వంటవాళ్లని మాట్లాడుకుంటారు."

ఆయన ఫోను తీశారు. అత్తగారి పక్కన అప్పటికి కారులో ఎర్రయ్య గారు ఉంటారని గుర్తొచ్చి పెట్టేశారు. ఆ తరవాత కూడా చేయలేదు.

సోమవారం కత్తిని అమలాపురం తీసుకెళ్లారు. మిక్సీలు బాగుచేసే అతను విప్పి, వాసన చూసి, ఇందులో ఏం వేయించేరండి అని అడిగాడు. మోటారు కాలిపోయింది. అలాంటిది ఇక్కడ దొరకదన్నాడు. ఈశ్వర్రావు గారు కువైట్‌కు ఫోను చేసి ఇంకోటి పంపమన్నారు. అక్కయ్య పంపొద్దంది బావా అని చిన్నా చెప్పాడు.

పెళ్లి ముందురోజు కొత్తపేట పందిట్లో ఒక బల్ల, ఒక కుర్చీ వేసి ఉన్నాయి. ప్లగ్గుల బోర్డు లాగారు. కరెంటు పోతే ఇబ్బంది కాకుండా ఎర్రయ్య గారు జనరేటరు తెప్పించారు. చూడటానికి వచ్చినవాళ్లు కిందటి పెళ్లికంటే ఎక్కువే ఉన్నారు. ఈశ్వర్రావు గారు అత్తగారిని పక్కకు పిలిచి, దారిలో మిషను పాడైందని చెప్పారు.

చిన్నమ్మలు గారు కూతురి వైపు చూశారు.

"మిషను పోతే ఏవమ్మా, పట్టుకున్న చెయ్యి ఉంది కదా," అన్నారు దుర్గాభవాని గారు.

బల్ల తీసేశారు. చాప పరిచారు. కుర్చీలో ఎర్రయ్య గారు నడుం వెనక దిండు పెట్టుకుని కూర్చున్నారు. దుర్గాభవాని గారు భర్త పక్కన పీట వేసుకుని, మొదటి కాయకు గాట్లు ఎలా కొట్టాలో తానే కొట్టి చూపించి, కత్తి ఆయన చేతిలో పెట్టారు. మణికట్టు బిగించొద్దన్నారు. ఎవరి మాటలూ వినొద్దన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆరు కాయలు అయ్యాయి. ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదు. నవ్వబోయిన ఇద్దరికి ఆమె చెరో కాయ ఇచ్చి ముళ్లు చెక్కమన్నారు.

నాలుగు గంటలకు మగపెళ్లివారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అనుకున్నదానికంటే మరో బస్సు జనం వస్తున్నారు. ఎర్రయ్య గారు కుర్చీలోంచి లేవకుండానే పనసకాయలవాడితో మాట్లాడారు. అయిదున్నరకు ఆటో పందిరి ముందు ఆగింది.