మూడువందలవ మీటరు

ఆ రోజు పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి కుర్చీలు వేయాలి. పదకొండింటికి పెద్ద అధికారి వస్తారు, మీట నొక్కుతారు. డ్రిల్లు తిరిగి ఒక్క మీటరు తవ్వుతుంది. దాంతో లెక్క మూడువందలకు చేరి, సగం పని అయినట్టవుతుంది. జనం చప్పట్లు కొడతారు, ఫొటోవాడు ఫొటో తీస్తాడు. పదకొండుంబావుకు టీ. శాస్త్రవేత్తగారు ఇదంతా ఒక కాగితం మీద రాసి ఆఫీసు గది తలుపుకు అతికించారు. చప్పట్లకు నాలుగు నిమిషాలు కేటాయించారు.

ఆయన తవ్విస్తున్నది మామూలు బోరు కాదు. భూమి అడుగున కాగిపోతున్న రాయి ఉంటుంది. అక్కడిదాకా రంధ్రం వేసి, ఆ వేడిని పైకి తెచ్చి, కొండ కింది ఊరికి చలి బాధ లేకుండా చేయాలని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. ఆయనా మంచివారే. కాకపోతే ఎదుటివాడి నోట్లోంచి రెండో మాట రాకముందే "తెలుసు" అనేవారు. అందుకని కూలీలు చాటున ఆయన్ని తెలుసుగారు అని పిలుచుకునేవారు. ఆ సంగతి ఒక్కటే ఆయనకు తెలియదు.

డ్రిల్లు మేస్త్రి ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడు. మాట తక్కువ. ఇన్నేళ్ళలో అతని చేతి కింద ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. అతనికున్న గొప్ప అదొక్కటే. ఆ పొద్దున అతను బురదగుంట దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. డ్రిల్లు తిరిగేటప్పుడు గొట్టంలోంచి బురదనీళ్ళు కిందికి పంపుతారు. అవి రంధ్రంలోంచి పైకొచ్చి గుంటలో పడతాయి. పంపినంతే తిరిగి రావాలి. అది చూసుకోవడానికి గుంటలో గీతలు పెట్టిన కర్ర ఒకటి పాతి ఉంటుంది. ఆ కర్ర మీద బురద నిన్నటికన్నా నాలుగు వేళ్ళు పైకి వచ్చింది. ఎవరూ పొయ్యలేదు. అంటే కింద నుంచి ఏదో నెడుతోంది. మేస్త్రి బురదలో చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది.

చెయ్యి తుడుచుకుని ఆఫీసు గదికి వెళ్ళాడు.

"సార్, బురద..."

"తెలుసు."

"నాలుగు వేళ్ళు..."

"తెలుసయ్యా. రాత్రి చినుకులు పడ్డాయి. గుంట నిండింది. ఇది చెప్పడానికి మేస్త్రి దాకా ఎందుకు?"

"చినుకులు వెచ్చగా ఉండవు సార్."

శాస్త్రవేత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా లెక్క ప్రకారం మూడువందల యాభై మీటర్లదాకా గట్టి రాయి. అందులో గాలి కూడా దూరదు. ఇక నెట్టేది ఎవరు? మీ తాతా?"

"పోనీ ఆ మూత బిగించనివ్వండి."

మూత అంటే రంధ్రం మూతికి బిగించే ఇనప వాల్వు. కింద నుంచి ఏదైనా తన్నుకొస్తే చక్రం తిప్పి మూసేయవచ్చు. ఏనుగు పిల్లంత ఉంటుంది. నెల రోజులుగా అది షెడ్డులో టార్పాలిను కింద పడుకుని ఉంది. బిగించడానికి రెండు రోజులు పడుతుందని, ఆ రెండు రోజులూ పోతే కార్యక్రమం తేదీ తప్పుతుందని శాస్త్రవేత్తగారు వద్దన్నారు. అక్కడితో ఆగలేదు. గేటు దగ్గర ఎర్ర అక్షరాలతో 'ప్రమాదం, దూరంగా ఉండండి' అని బోర్డు ఉండేది. వచ్చేవాళ్ళ కంట పడితే బాగుండదని దాన్ని వెనక్కి తిప్పించి, రెండోవైపు 'స్వాగతం' అని రాయించారు. ఇప్పుడు లోపలికి వచ్చేవాళ్ళకు స్వాగతం కనిపిస్తుంది. వచ్చి కూర్చున్నాక ప్రమాదం కనిపిస్తుంది.

"మూత తరవాత. ముందు ముఖ్య అతిథి," అన్నారాయన. "వెళ్ళి కుర్చీలు వేయించు. మొదటి వరస డ్రిల్లు నిలబెట్టిన రిగ్గుకు పది అడుగుల్లో ఉండాలి. రాయి గరగరమనడం జనానికి వినపడాలి."

మేస్త్రి తిరిగి వచ్చాడు. వంట పాకలో అతని అక్క టీ కాస్తోంది. రిగ్గు మీద పనిచేసే నలుగురు కూలీలకూ తమ్ముడికీ వండిపెట్టేది ఆమే.

"ఏమన్నాడ్రా?"

"తెలుసన్నాడు."

"ఎన్ని వేళ్ళు?"

"నాలుగు."

అక్క వెంటనే టీ గిన్నె దింపి పొయ్యి ఆర్పేసింది. బయటికి వెళ్ళి తాడు మీద ఆరేసిన బట్టలు లాగడం మొదలుపెట్టింది. బురద నాలుగు వేళ్ళు పెరిగితే బట్టలు తీసేయడం ఆమె పద్ధతి. పదేళ్ళ కిందట ఇంకో చోట ఇలాగే బురద చిమ్మి ఆరు జతలు పాడయ్యాయి. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ మరక వదల్లేదు. అప్పటి నుంచి కర్ర మీది గీతల సంగతి ఆమెకు తమ్ముడి కంటే బాగా తెలుసు. చొక్కాలు, ప్యాంట్లు, దుప్పట్లు తడి ఆరకుండానే గబగబా మూటలు కట్టి పెట్టెల మీద పేర్చింది.

ఇదంతా శాస్త్రవేత్తగారు కిటికీలోంచి చూశారు. కూలీలు మూటలు కట్టేస్తున్నారు! పొయ్యి కూడా ఆర్పేశారు! ఇన్ని రోజులుండగా సరిగ్గా ఇవాళే సమ్మె! ఆయన గదిలో కాలుగాలిన పిల్లిలా రెండు చుట్లు తిరిగి, బయటికొచ్చి మేస్త్రిని పట్టుకున్నారు.

"సరే, మీకేం కావాలో చెప్పు."

"మూత."

"అది కాకుండా."

"కుర్చీలు వెనక్కి జరిపించండి."

"ఎంత?"

"వెయ్యి అడుగులు."

"వెయ్యి అడుగులా! అంత దూరం నుంచి నేను చీమలా కనిపిస్తానయ్యా!"

"బతికున్న చీమలా కనిపిస్తారు సార్."

మూటల వెనక నుంచి అక్క అందుకుంది. "వాడు మీ మంచికే చెబుతున్నాడు బాబూ. సొంత అక్కని, నాతోనే రోజుకు నాలుగు మాటలు మాట్లాడడు. మీతో పొద్దుటి నుంచి ఇరవై మాట్లాడాడు. ఎంత భయం ఉంటే అన్ని మాటలు వస్తాయో మీరే చూసుకోండి."

శాస్త్రవేత్తగారికి అంతా అర్థమైపోయింది. మూత, వెయ్యి అడుగులు, ఇవన్నీ వంకలు. అతిథి ముందు తన పరువు తీస్తామని బెదిరించి, పని గంటలు తగ్గించుకోవాలని వీళ్ళ ఎత్తు. ఆయన గదిలోకి పోయి తలుపేసుకుని పోలీసు స్టేషనుకు ఫోన్ చేశారు.

"ఇక్కడ పరిస్థితి చాలా ప్రమాదకరంగా ఉందండీ. ఏ క్షణాన ఏం జరుగుతుందో చెప్పలేం. వెంటనే రండి."

నెల రోజుల్లో ఆ రిగ్గు గురించి ఆయన నిజం చెప్పడం అదే మొదటిసారి.

అరగంటలో ఇన్‌స్పెక్టరు లారీ నిండా పోలీసులతో దిగాడు. పద్ధతి గల మనిషి. చంకలో నిబంధనల పుస్తకం లేకుండా గడప దాటడు. గేటు లోపల నిలబడి చుట్టూ చూశాడు. అప్పటికే రెండువందల మంది వచ్చి కుర్చీల్లో సర్దుకుంటున్నారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, ఉతికిన బట్టలు వేసుకున్న పిల్లలు.

"అందరూ లేవండి! ఎవరి కుర్చీ వాళ్ళు పట్టుకుని రోడ్డు అవతలికి నడవండి!"

శాస్త్రవేత్తగారు పరిగెత్తుకొచ్చారు. "ఏమిటండీ ఇది? కుర్చీలెందుకు జరుపుతున్నారు?"

"ప్రమాదకరమైన చోట జనం మూడువందల మీటర్ల అవతల ఉండాలి సార్. పదకొండో నిబంధన."

"నేనన్నది కూలీల వల్ల ప్రమాదం!"

"ప్రమాదం ప్రమాదమే సార్. ఏ రకమో రాయడానికి ఫారంలో గడి లేదు." ఇన్‌స్పెక్టరు గేటు వైపు చెయ్యి చూపించాడు. "అయినా మీ బోర్డే చెబుతోంది కదా, అంతేసి అక్షరాలతో."

శాస్త్రవేత్తగారు తిరిగి చూశారు. ఎర్ర అక్షరాలు సూటిగా ఆయన కళ్ళలోకే చూశాయి.

"దాన్ని అటువైపు నుంచి చదవాలండీ," అన్నారు నీరసంగా.

"నేను ఇటువైపున్నాను సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సరే, సమ్మె చేస్తున్నది ఎవరు?"

మేస్త్రి చెయ్యెత్తాడు. అతను సమ్మె చేయడం లేదు. కానీ తన నలుగురినీ ఆ రిగ్గు మీంచి దింపే దారి కోసం పొద్దుటి నుంచి వెతుకుతున్నాడు. ఆ దారి తనంతట తానే టోపీ పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"మేమే అండీ," అన్నాడు.

ఇంజను ఆపి, నలుగురినీ పిలిచి లారీ ఎక్కమన్నాడు. "ఎందుకన్నా?" అని వాళ్ళు అడిగితే "ఎక్కండి" అన్నాడు. అక్క మూటలతో సహా ఎక్కి, టీ గిన్నె ఒలకకుండా అందించమని ఒక పోలీసుకు పురమాయించింది. ఇంత సంతోషంగా అరెస్టయినవాళ్ళను ఇన్‌స్పెక్టరు తన ఉద్యోగంలో చూడలేదు. అనుమానం వచ్చి పుస్తకం తిరగేశాడు. అందులో దీని గురించి ఏమీ లేదు.

లారీ రోడ్డు అవతల, కుర్చీల పక్కన ఆగింది. మేస్త్రి తలలు లెక్కపెట్టుకున్నాడు. నలుగురు. అక్కతో అయిదు. హమ్మయ్య అని చేరగిలబడ్డాడు. అప్పుడే దూరంగా ఇంజను మోగింది.

రిగ్గు మీద శాస్త్రవేత్తగారు, ఒక్కరే. పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది. కూలీలు లేకపోతే కొంప మునిగిందా, అతిథి వచ్చేసరికి ఆ మీటరేదో తానే తవ్వి చూపిస్తానని చొక్కా చేతులు మడిచి మీట నొక్కేశారు.

"పోనీలేరా," అంది అక్క. "నువ్వు చెప్పాల్సింది చెప్పావు. వినకపోతే ఏం చేస్తాం?"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "ఆయనా నా రిగ్గు మీదే ఉన్నాడక్కా."

అంతే. లారీ మీంచి దూకి పరుగెత్తాడు. "పట్టుకోండి, పారిపోతున్నాడు!" అని ఇన్‌స్పెక్టరు వెంటపడ్డాడు. పారిపోయేవాడు ప్రమాదం వైపు ఎందుకు పరిగెత్తుతాడని ఇన్‌స్పెక్టరుకు సగం దూరంలో తట్టింది. తట్టినా లాభం లేకపోయింది. అదంతా ఏటవాలు నేల, కాళ్ళు అతని మాట వినలేదు.

గుంటలో బురద అప్పటికే అంచు దాటి పొగలు కక్కుతూ పారుతోంది. గొట్టాలు గజగజ వణుకుతున్నాయి. మేస్త్రి మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. బురద పొంగిందంటే తెలుసంటాడు. ప్రమాదమంటే తెలుసంటాడు. చచ్చిపోతావంటే అదీ తెలుసంటాడు. మేస్త్రి పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడలేదు. అబద్ధానికి మాటలు ఎక్కువ కావాలి. ఇప్పుడు ఆడాడు.

"సార్! ఫొటోవాడు రోడ్డు మీదే ఉండిపోయాడు! అక్కడి నుంచి మీరు ఫొటోలో పడటం లేదంట! గొట్టాలే పడుతున్నాయంట!"

"అయ్యో, ముందే చెప్పొద్దూ!" అంటూ శాస్త్రవేత్తగారు జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుంటూ గబగబా మెట్లు దిగారు. ఆఖరి మెట్టు మీద ఉండగానే మేస్త్రి ఆయన చెయ్యి దొరకబుచ్చుకుని లాగాడు. ముగ్గురూ గేటు వైపు పరుగెత్తారు. దువ్వెన పట్టుకుని శాస్త్రవేత్తగారు, ఆయన్ని పట్టుకుని మేస్త్రి, ఎవరిని పట్టుకోవాలో తేలక ఇన్‌స్పెక్టరు.

గేటు దాటి వంద గజాలు పోయారో లేదో, భూమి గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు అయింది. ఆ వెంటనే రిగ్గు కంటే ఎత్తున బురద లేచింది. జనం కోసం వేసిన షామియానా కాగితంలా ఎగిరిపోయింది. పొద్దున మొదటి వరస కుర్చీలు వేసిన చోట ఇనప గొట్టం ఒకటి నిలువునా వచ్చి దిగబడింది. పరిగెత్తుతున్న ముగ్గురి మీదా బురద వాన కురిసింది. కాసేపటికి బురద పోయి, పొగలు గక్కే తెల్లటి నీళ్ళు ఆకాశంలోకి చిమ్మడం మొదలుపెట్టాయి. రోడ్డు అవతల రెండువందల మందీ ఇది కార్యక్రమంలో ఉన్నదే అనుకుని లేచి చప్పట్లు కొట్టారు. నాలుగు నిమిషాలకు పైనే కొట్టారు.

సరిగ్గా పదకొండింటికి పెద్ద అధికారి కారు దిగారు. నీళ్ళను చూసి నోరు తెరిచారు. నేలలో దిగబడ్డ గొట్టాన్ని చూసి మూసుకున్నారు.

"అక్కడ కదా జనం కూర్చోవాల్సింది? జరిపించింది ఎవరు?"

"సారే అండీ," అని ఇన్‌స్పెక్టరు సెల్యూట్ కొట్టాడు. "ప్రమాదం ఉందని పొద్దున్నే ఫోన్ చేశారు. టైముతో సహా రాసుకున్నాను."

అధికారి బురద అని కూడా చూడకుండా శాస్త్రవేత్తగారిని కౌగిలించుకున్నారు. "ఎంత ముందుచూపయ్యా నీది! ఈ ఏడు భద్రత బహుమతి నీకు కాక ఇంకెవరికి?"

ఫొటోవాడు కెమెరా ఎత్తాడు. శాస్త్రవేత్తగారు బురద తుడుచుకుని నిటారుగా నిలబడ్డారు. ఆ నిలబడటంలో చూపు లారీ వైపు పోయింది. అక్కడ మేస్త్రి మళ్ళీ తలలు లెక్కపెడుతున్నాడు. నలుగురు. అక్క. అక్కడితో ఆగకుండా వేలు తిరిగి తిరిగి శాస్త్రవేత్తగారి దగ్గరికి వచ్చింది. "ఆరు," అన్నాడు మేస్త్రి. అని నేల మీద కూలబడ్డాడు.

తాను ఆ లెక్కలో ఉన్నట్టు శాస్త్రవేత్తగారు అనుకోలేదు. చేతిలోని దువ్వెన జేబులో పెట్టేసుకున్నారు.

"ఫొటో ఆపు బాబూ," అన్నారు. తరవాత అధికారి వైపు తిరిగారు. "నేను ఫోన్ చేసింది వీళ్ళను పట్టించడానికండీ. కుర్చీలు జరపమన్నది ఆ మేస్త్రి. మూత బిగించమన్నదీ అతనే. నెల రోజుల నుంచి చెబుతున్నాడు, నేను చెవిన పెట్టలేదు."

అధికారి ముఖం గంటు పెట్టుకున్నారు. "దాని సంగతి తరవాత చూద్దాం. ఇప్పుడు దీన్ని ఆపడం ఎలా?"

అందరూ శాస్త్రవేత్తగారి వైపు చూశారు. ఆయన వెళ్ళి మేస్త్రి పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఎలా ఆపుదాం మేస్త్రీ?"

అడిగింది ఎవరా అని మేస్త్రి అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడే దగ్గరికి పోకూడదు సార్. రెండు రోజులు పోనిస్తే మెత్తబడుతుంది. అప్పుడు మూత బిగిద్దాం."

"బిగించాక?"

"వాడుకోవడమే. మీకు కావాల్సింది వేడేగా. సగంలోనే తగిలింది."

అక్క ఇద్దరి మధ్యా రెండు గ్లాసులు పెట్టింది. "తాగండి బాబూ. టీ చల్లారిపోయింది. వేడివేడిగా కావాలంటే అదిగో, అక్కడికి వెళ్ళి పట్టుకోవాలి."

మూడో రోజు మూత బిగించారు. శాస్త్రవేత్తగారి మీద విచారణ జరిగి, ఉద్యోగంలో ఒక మెట్టు కిందికి దింపారు. మేస్త్రి సరే అనకుండా ఏ మీటా నొక్కకూడదని రాయించుకున్నారు. ఆయన చదివి మరీ సంతకం పెట్టారు. ఆ తరవాత ఇద్దరూ కలిసి కొండ మీంచి ఊళ్ళోకి గొట్టాలు వేయించారు. చలికాలం మొదలయ్యేసరికి ఇంటింటికీ వేడినీళ్ళు వచ్చాయి.

ఇప్పుడు ఆ ఊళ్ళో చన్నీళ్ళు కావాలంటే ముందురోజే పట్టి పెట్టుకోవాలి.