సముద్రానికి బదులు

కాలు సంగతి తర్వాత అడగండప్పా, ముందు ఆ స్టూలు ఇట్ల జరపండి. ఆ... ఇంగ చెప్తాను. నా స్నేహితుడు సుందరరాజన్ వీధి వీధంతా తిరిగి వాడికి తోచినట్ల చెప్పినాడంట. వాడు చెప్పిన దాంట్లో సగం అబద్ధం. అసలు జరిగింది అంతకంటే ఘోరం కాబట్టి నా నోటితోనే వినండి.

మదురైలో పాత్రల అంగడి పెట్టుకున్న ఈ రత్నసభాపతికి శత్రువంటూ ఒక్కడే. నా పెళ్ళాం పంకజవల్లికి సొంత అన్న. తూత్తుకుడిలో ఉప్పు వ్యాపారం. అమ్మానాన్న పెట్టిన పేరు గోకులకృష్ణన్. నేను పెట్టిన పేరు ఉప్పు బావ.

ఏం చేసినాడంటారా? తన కూతురి పెళ్ళిలో మంటపం మీద మర్యాదలు చేసేటప్పుడు, పెద్ద చెల్లెలి మొగుణ్ణయిన నేను ముందు వరుసలో కూర్చుని ఉండగా, చిన్న చెల్లెలి మొగుణ్ణి ముందు పిలిచి కట్టుకునే వేష్టి, పైన కండువా పెట్టినాడు. నన్ను రెండోవాడిగా పిలిచినాడు. రెండోవాడిగా! నేను లేచి పోయి తీసుకున్నాను, నవ్వినాను, ఫోటోకు కూడా నిలబడినాను. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. పంకజాన్నీ తొక్కనివ్వలేదు.

అట్లాంటి బావ సముద్రం కనబడేట్టు కొత్త ఇల్లు కట్టినాడు. సోమవారం తెల్లవారుజామున గృహప్రవేశం. పళ్ళెంలో కుంకుమ, పత్రిక పెట్టుకుని తనే వచ్చి పిలిచినాడు. నేను అంగడి వెనక గోడౌన్‌లో ఇడ్లీ పాత్రల మధ్య కూర్చుని, ఆయన పోయేదాకా దగ్గు ఆపుకున్నాను.

పంకజం పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. సూలూరులో పుట్టి మదురైలో మెట్టిన మనిషి. అన్న తూత్తుకుడి చేరింది ఆ పెళ్ళి తర్వాతే. పత్రిక వచ్చిన రోజు నుంచి దేవుడి పటం పక్కన పెట్టి రోజుకోసారి చదువుకుంటోంది.

పోవద్దు అని చెప్పేస్తే పోయేది కదా అంటారు. అక్కడే ఉండాది నా తెలివి! వద్దంటే నేను చెడ్డవాణ్ణి. తనే రానంటే? పంకజానికి మోకాళ్ళు సరిలేవు. కాసేపు ఎక్కువ నిలబడితే చాలు, వాచిపోతాయి. మన ఊళ్ళో కొత్తగా అక్వేరియం తెరిచినారు కదా, ఆదివారం దాన్ని మూలమూలా చూపిస్తే సాయంత్రానికి తనే ‘అమ్మాడీ, నావల్ల కాదు, మీరు ఫోన్ చేసి చెప్పేయండి’ అంటుంది. చెప్పేది నేను, రానిది తను. ఎట్ల ఉండాది?

"పంకజం, ఆదివారం అక్వేరియం పోదామా?"

సాంబారు కలిపే గరిటె ఆగింది. "ఎవరు?"

"మనం."

"మనమంటే?"

"నువ్వూ నేనూ!"

ఆమె దగ్గరికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "జ్వరం కూడా లేదే."

"పెళ్ళాన్ని బయటికి తీసుకుపోతానంటే జ్వరమా?"

"ఇన్నేళ్ళూ ఆరోగ్యంగా ఉండారు కదా, అందుకని చూసినాను."

"సముద్రంలో ఉండేవన్నీ అక్కడే ఉండాయంట. చేట మాదిరి వెడల్పుగా ఉండే తిరుక్కై చేప, షార్కు, అన్నీ. అలలు ఒక్కటే లేవు."

"నేను చూడాలనుకున్నది అలలే."

"అలలెందుకు? చీర తడిసిపోతుంది."

పంకజం నన్ను అట్లే చూసింది. సంత రోజు వంకాయ పుచ్చా మంచిదా అని తిప్పి చూస్తుంది, ఆ చూపు. తర్వాత "సరి, పోదాం" అంది. ఆదివారం బయల్దేరేటప్పుడు భుజాన పెద్ద సంచి.

"చేపలు చూసేదానికి ఇంత సంచా?"

"పులిహోర ఉండాది. నీళ్ళు ఉండాయి. మీ నోరు ఉండాది కదా, దానికేమన్నా పెట్టాల."

లోపలికి పోతే ముందు, కప్పు కింద పెంచిన అడవి. మదురై ఎండ చాలదన్నట్లు టికెట్ కొనుక్కుని మరీ చెమట పట్టించుకునే చోటు అది. పై నుంచి పొగమంచు మాదిరి నీళ్ళు, ఏనుగు చెవులంత ఆకులు, అరిచే చిలకలు. కొమ్మ మీద ఒక పెద్ద ఉడుము లాంటిది కదలకుండా కూర్చుని ఉండాది.

"ప్లాస్టిక్‌దేమో" అన్నాను.

"లేదు, గుటక మింగుతోంది. అంగడిలో గల్లా ముందర మీరు కూర్చున్నట్లే ఉండాది."

నేను పట్టించుకోలేదు. నా పని నాకుండాది. చెక్క వంతెన ఎక్కించినాను, దించినాను. ‘పైనుంచి ఇంకా బాగుంటుంది’ అని మళ్ళీ ఎక్కించినాను. బెంచీ కనబడితే "అక్కడ కూర్చుంటే కొండచిలువ కనబడదు" అన్నాను. ఆమె కొండచిలువను అడగనే లేదు. మూడోసారి దిగేటప్పుడు కమ్మీని గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, ఒక్కో అడుగూ పక్కకు వేసింది. నాకు లోపల పండగ. మూతి ముడవకండప్పా, జరిగింది జరిగినట్లు చెప్తున్నాను.

అడవి దాటితే సముద్రం. మధ్యలో చేత్తో తాకేదానికని తిరుక్కై చేపల తొట్టి, చుట్టూ నేలంతా తడి. తొట్టి పక్కన ఒకే ఒక్క బెంచీ. దాని మీద ఒక పెద్దావిడ, మొత్తం బెంచీకి సరిపోయేంత.

మనకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వీధిలో ఎవర్నన్నా తిట్టాలంటే మళ్ళీ తెలుగు. మా తాతల నాటి నుంచి ఇదే వాడుక. చీరల అంగడిలో బేరమా, బస్సులో పక్కవాడి చొక్కా వాసనా, అన్నీ ఎదుటివాడి ముఖం చూసి నవ్వుతూనే చెప్పుకోవచ్చు. ఈ ధైర్యంతో గట్టిగానే అన్నాను.

"పంకజం, తిమింగలాన్ని తొట్టిలో వెయ్యడం మరిచిపోయి బెంచీ మీద పెట్టినారు చూడు."

"అయ్యో, ఊరుకోండి" అని పంకజం అవతలికి పోయింది. పెద్దావిడ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వినాను.

అవతల్నుంచి పంకజం కేక. "ఏమండీ! ఇక్కడ సముద్రపు గుర్రాల్లో మగదే కడుపు మోస్తుందంట! బోర్డులో రాసినారు!"

"చదివింది చాలు, ముందుకు నడువు!"

ఆమె అద్దాల సొరంగంలోకి పోయింది. అప్పుడే సుందరరాజన్ ఫోన్. మా వాడే, వాడితోనూ తెలుగే. లోపల నీళ్ళ చప్పుడు, కాబట్టి అరిచి మాట్లాడినాను.

"ఎవడు పోతాడ్రా వాడింటికి? నా నోటితో వద్దని చెప్తానా నేను? పొద్దున్నుంచి మెట్లెక్కిస్తున్నాను. సగం కుంటుతోంది. సాయంత్రానికి మోకాళ్ళు గుమ్మడికాయలు! తనే రానంటుంది చూడు. నాకేం సంబంధం? పాపం, నేను సముద్రమే చూపించినాను కదరా!"

నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే మాటలు ఆపేసినారు. చేపల్ని చూస్తున్నారనుకున్నాను.

బెంచీ మీంచి గొంతు వచ్చింది. "నాయనా, తిమింగలానికి చెవులు బాగా వినబడతాయి."

తెలుగు! అచ్చం మా అవ్వ మాట్లాడే తెలుగు.

"అమ్మా... మీరు... మనవాళ్ళా?"

"తిరుప్పూరు. నా పేరు బంగారు. ఇదో, వీళ్ళంతా మావాళ్ళే. బస్సు నిండా మన భాషే. తిరుచెందూరు పోతా, చేపలు చూద్దామని దిగినాం. చూసినాం."

చుట్టూ చూసినాను. అద్దం వెనక షార్కే నయం, అది పక్కకు తిరిగింది. వీళ్ళు తిరగలేదు. నేను మెల్లగా వెనక్కి ఒక అడుగు వేసినాను. అక్కడి ఉద్యోగి "సార్, పాత్తు! తరై ఈరం!" అని అరిచినాడు. నేల తడిగా ఉండాదనే సంగతి నేల మీద పడినాక బాగా అర్థమైంది. మోకాలిలో ‘టక్’ మని శబ్దం. నా మోకాలే.

సొరంగంలోంచి పంకజం కుంటుకుంటూ పరుగెత్తి వచ్చింది. నా తల ఒళ్ళో పెట్టుకుంది. బంగారు వచ్చి పంకజం భుజం తట్టి, "అమ్మా, నీ మొగుడు ఫోన్‌లో ఏమన్నాడో తెలుసా?" అని మొదలుపెట్టింది.

"తెలుసక్కా" అంది పంకజం.

"విన్నావా?"

"వినక్కర్లేదు. పక్క వీధి గుడికి తోడు రాని మనిషి, చేపలు చూపిస్తానంటే తెలీదా?"

పడుకునే అడిగినాను. "తెలిసీ ఎందుకు వచ్చినావు?"

సంచి విప్పి మోకాలి పట్టీ తీసి నాకు కట్టింది. తన కోసం తెచ్చుకున్నది. సంచిలో పట్టుచీర ఉండాది, వెండి కుంకుమ భరిణె ఉండాది, మడత పెట్టిన నా వేష్టి కూడా ఉండాది.

"బయటికి పోయే లోపల మీరే ‘పద పంకజం, మీ అన్న ఇంటికి పోదాం’ అంటారేమో అని చూసినాను. ప్రతి మెట్టు దగ్గరా చూసినాను. నొప్పికేముంది, ఓర్చుకోవచ్చు."

"పులిహోర ఏదీ?" అన్నాను. బుద్ధి చూడండి.

పులిహోర డబ్బా నా ఒళ్ళో పెట్టింది. వేష్టి తీసి డబ్బా మీద పెట్టింది. సుందరరాజన్‌కు ఫోన్ చేసి, ఆటో తెచ్చి నన్ను ఎక్కించుకుపొమ్మని చెప్పింది. చక్రాల కుర్చీలో నన్ను గేటు దాకా తోసింది కూడా తనే. బంగారు బస్సులోంచి చెయ్యి చాపింది. "తూత్తుకుడి మా దారిలోనే రా అమ్మా. కిటికీ సీటు నీకే."

"పంకజం, ఈ కాలితో నేనొక్కణ్ణే ఎట్ల ఉండేది?"

"సుందరరాజన్ అన్న ఉండాడు కదా. ఆయనతో మీకు మాటలు బాగా సాగుతాయి."

బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి ముందుకే చూస్తా పోయింది.

సోమవారం అంగడి తెరవలేదు. కాలు దిండు మీద పెట్టుకుని, ఉప్పు బావ ఎప్పుడు ఫోన్ చేస్తాడా, ‘ఎందుకు రాలేదు, ఇంకా కోపమా’ అని ఎప్పుడు బతిమాలుతాడా అని చూస్తా ఉన్నాను. ఏం జవాబు చెప్పాలో కూడా తయారు చేసుకున్నాను. మధ్యాహ్నం దాకా రాకపోతే నేనే పంకజానికి చేసినాను.

"బాగా జరిగిందా?"

"చానా బాగా. అలలు మీరు చెప్పినట్లే, చీరంతా తడిపేసినాయి."

"అది సరి. మీ అన్న నా గురించి ఏమన్నాడు? కోపం తగ్గలేదా అన్నాడా?"

"ఎవరి కోపం?"

"నా కోపమే! ఆ పెళ్ళిలో రెండోవాడిగా పిలిచినందుకు, ఇన్నేళ్ళుగా..."

అవతల్నుంచి అలల చప్పుడు వచ్చింది.

"మా అన్నకు మీరు కోపంగా ఉండారనే తెలీదండీ. అంగడి వదిలి రాలేరని చెప్తా వచ్చినాను ఇన్నేళ్ళూ."

"ఒక్కసారి కూడా చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేది? ఒక కండువా కోసం మా ఆయన అలిగినాడని? సిగ్గేసింది నాకు."

నేను ఏదో అనేలోపల "ఇదో, అన్న మాట్లాడతాడంట" అని ఫోన్ ఇచ్చేసింది.

"బావా!" ఉప్పు బావ గొంతు నిండా సంతోషం. "పాపం, ఆదివారం, సోమవారం అని లేదు మీకు. అంత బేరమా బావా? తీరికే లేదా?"

మూసిన తలుపు వైపు చూసినాను. దిండు మీద కాలు చూసినాను.

"ఆ బావా, ఊపిరి తిప్పుకోవడానికి లేదు" అన్నాను.