ద్వారక గేటు దగ్గర ఆగిపోయిన హంగేరీ నవల

మానవుడు చంద్రమండలం మీద కాలు మోపి చాలాకాలమైంది గానీ, ఢిల్లీ ద్వారకలో మా హౌసింగ్ సొసైటీ గేటు దాటి ఒక పుస్తకం లోపలికి రావడమనేది ఇంకా ప్రయోగదశలోనే ఉందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేస్తున్నాను.

మా సొసైటీలో అనువాద సైన్స్ ఫిక్షన్ చదివే బృందం ఒకటుంది. నెలకో దేశం. పోలండ్ వాళ్ళ రోబోలు, జపాన్ వాళ్ళ సముద్రాలు, అర్జెంటీనా వాళ్ళ కాలయంత్రాలు ముందు ఇంగ్లీషులోకి దిగి, అక్కణ్ణుంచి మా తెలుగు కబుర్లలోకి దిగేవి. బృందమంటే నేనూ, ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరైన పెద్దిరాజు గారి భార్య ఆండాళ్ గారూ, మా పై అంతస్తులో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న నవదీపూ. (పెద్దిరాజు గారు కూడా వచ్చి కూర్చుంటారు. ఆయన పని టీ తాగి “ఇవన్నీ జరిగేవేనా?” అనడం.)

ఈ నెల హంగేరీ. రెండు సంపుటాల నవల. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక ఊళ్ళో తలుపులు మనిషి ముఖం చూసి తెరుచుకుంటాయి. ఇలోనా అనే పిల్ల తండ్రి పోయాడని ఏడ్చి ఏడ్చి, ముఖమంతా ఉబ్బి ఇంటికొస్తుంది. తలుపు గుర్తుపట్టదు. ఆ పిల్లని బయట నిలబెట్టేసి మొదటి సంపుటం అయిపోతుంది. ఆండాళ్ గారికి మనసు మనసులో లేదు. పైగా సోమవారం ఆవిడకి కంటి శుక్లాల ఆపరేషన్. ఆ తర్వాత కొన్నాళ్ళు పుస్తకం ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

“ఆ పిల్ల ఇంట్లోకెళ్ళిందో లేదో తెలియకుండా నేను ఆపరేషన్ బల్ల ఎక్కనయ్యా,” అన్నారావిడ. నవదీప్ ఆగమేఘాల మీద రెండో సంపుటం తెప్పించాడు. పుస్తకం వచ్చింది, గేటు దాకా.

ఇక్కడ ‘ద్వారమిత్ర’ అనే యాప్ గురించి చెప్పాలి. పాలవాడొచ్చినా, పనిమనిషి వచ్చినా, సొంత అల్లుడొచ్చినా అందులో అనుమతి నొక్కితే తప్ప మా గేటు తెరుచుకోదు. మామూలు మనిషైతే ‘పార్సిల్’ అని నొక్కి ఊరుకుంటాడు. కానీ నవదీప్ సివిల్స్ అభ్యర్థి. ప్రశ్న కనిపిస్తే ఖాళీ వదలడం ఆ జాతికి చేతకాదు. ఏ దేశం? హంగేరీ. వెంట ఎవరు? అనువాదకురాలు. వచ్చిన పని? విజ్ఞానం, వినోదం. ఎన్నాళ్ళుంటారు? సోమవారం దాకా. బస? ఆండాళ్ ఆంటీ ఇల్లు. యాప్ ఎర్రబడి, విదేశీయులిద్దరు బసకు వస్తున్నారని సెక్రటరీ హరనాథ్ గారికి కబురు పంపింది.

హరనాథ్ గారు ఒకానొక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. అంటే, ఆయన రిటైరయ్యారు గానీ ఆయనలోని సెక్షన్ కాలేదు. రొప్పుతూ గేటు దగ్గరికొచ్చారు. మేమూ వెళ్ళాం.

“విదేశీ లోగ్ కహాఁ హై భయ్యా?”

గార్డు పార్సిల్ చూపించాడు. “యహీ హై, సాబ్.”

ఇంకెవరైనా అయితే నవ్వేసి పంపించేవారు. హరనాథ్ గారి సిద్ధాంతం వేరు. సిస్టమ్‌లోకి ఎక్కింది తప్పు కాదు, తప్పయితే సిస్టమ్ ఎక్కించుకోదు. అందుకని ముందుగా అట్టకి ఫోటో తీయించారు. (రెండు చెవులూ కనబడాలన్న నిబంధనను దయతో సడలించారు.)

“రెండో మనిషేదీ?”

“అనువాదకురాలు అంకుల్. పేరు లోపలి పేజీలో ఉంది,” అన్నాడు నవదీప్.

“మరి అసలు మనిషి?”

“రచయిత పోయి చాలా ఏళ్ళయింది.”

“అచ్ఛా. అయితే డెత్ సర్టిఫికెట్ జతచెయ్యండి.”

కథంతా వచ్చే శతాబ్దంలో జరుగుతుంది కదండీ, దీనికింత హడావుడి ఎందుకని నేను నోరు జారాను. దాంతో కొత్త చిక్కొచ్చిపడింది. ప్రస్తుత కమిటీ గడువు మార్చితో ముగుస్తుంది కనుక భవిష్యత్తు మీద దానికి అధికారం లేదట. అప్పటికప్పుడు ‘భావి వ్యవహారాల ఉపసంఘం’ ఏర్పడింది. అధ్యక్షుడూ ఏకైక సభ్యుడూ హరనాథ్ గారే. ఆయన తనకు తానే ఒక లేఖ రాసుకుని, తన దగ్గర్నుంచి జవాబు ఆలస్యమైనందుకు చింతించారు.

చివరికి పుస్తకాన్ని స్వయంగా చదివి, ప్రమాదం లేదని తేలాకే లోపలికి వదలాలని తీర్మానించారు. మా దగ్గరున్న మొదటి సంపుటం కూడా పట్టుకుపోయారు. “పాత ఫైలు చూడకుండా కొత్త ఫైలు ఎలా చూస్తారండీ?” అన్నారు. న్యాయమే.

ఆదివారం ఆండాళ్ గారూ నేనూ సొసైటీ ఆఫీసుకెళ్ళాం. హరనాథ్ గారు కుర్చీలో బాసింపట్టు వేసుకుని రెండో సంపుటంలో తలదూర్చేసి ఉన్నారు. పక్కన టీ చల్లారిపోయింది.

“హరనాథ్ గారూ, రేపే నా ఆపరేషన్. ఒక్క పూట ఇవ్వండి, చాలు.”

“ప్రాసెస్‌లో ఉందమ్మా.”

“పోనీ పుస్తకం వద్దు. ఆ పిల్ల ఇంట్లోకెళ్ళిందా లేదా, అదొక్కటి చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది.”

“ఫైలు నడుస్తుండగా సంగతులు బయటపెట్టకూడదమ్మా,” అంటూ ఆయన పేజీ తిప్పి, “అబ్బ!” అన్నారు.

ఆ ‘అబ్బ’ విన్నాక ఆవిడ ముఖం చూడలేకపోయాను. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ మా సొసైటీలో సెక్రటరీతో పోట్లాడాలన్నా యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. (దొరికింది వచ్చే బుధవారానికి.)

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆండాళ్ గారు గురుగ్రామ్‌లో చెల్లెలు కావేరి ఇంట్లో కొన్నాళ్ళుండి, నల్లకళ్ళద్దాలతో, పెద్దిరాజు గారి వెంట తిరిగొచ్చారు. నేనూ నవదీపూ ఎదురెళ్ళి సంచులందుకున్నాం. లిఫ్టు పక్కన గోడకి కొత్తగా ఒక కెమెరా. ఆ ఉదయమే పనిలో చేరిందట. (మా సొసైటీలో కారే కుళాయి బాగుచెయ్యడానికి ఏడాది పడుతుంది.) ఆవిడ దాని ముందు నిలబడ్డారు. లిఫ్టు కాసేపు ఆలోచించింది.

“మీరు ఈ సొసైటీకి చెందినవారు కారు,” అంది తియ్యగా.

ఆవిడ కళ్ళద్దాలు తియ్యబోతే పెద్దిరాజు గారు చెయ్యి పట్టుకుని ఆపారు. “డాక్టరు వద్దన్నాడుగా!” మాతోపాటు ఎక్కిద్దామంటే, గుర్తుతెలియని వ్యక్తి ఉన్నారంటూ లిఫ్టు కదలనంది. మెట్ల తలుపు కూడా దానికే వత్తాసు పలికింది.

“ఆంటీ,” అన్నాడు నవదీప్ నెమ్మదిగా, “ఇది మొదటి సంపుటం, చివరి పేజీ.”

పెద్దిరాజు గారు ఈసారి ‘ఇవన్నీ జరిగేవేనా’ అనలేదు.

అంతలో హరనాథ్ గారు వచ్చారు. చంకలో రెండు సంపుటాలు, వాటి నిండా గుర్తుకు పెట్టుకున్న రంగు కాగితాలు. “వీటిని కథలంటారేంటండీ! ఇంత శుభ్రమైన మాన్యువల్ నా సర్వీసు మొత్తంలో చూళ్ళేదు. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది,” అన్నారు. ఆండాళ్ గారికి లిఫ్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ కూడా వేయించారు.

ఆవిడ కూర్చుని అడిగారు. “ఇప్పుడైనా చెప్పండి హరనాథ్ గారూ. ఆఖరికి ఆ పిల్లని ఇంట్లోకి రానిచ్చారా?”

“చదివి కళ్ళు పాడుచేసుకోకండమ్మా,” అన్నారాయన ఎంతో దయగా. “ఆఖరి అధ్యాయం ఒకటో తారీఖు నుంచి అమల్లోకొస్తుంది.”